కట్టిన దుడ్డు ఎక్కడికి పోయింది?

యాభై దాటాక బీమా పరీక్షకు పుస్తకాలు పట్టాను. బి.కాం.లో నేర్చిన జమాఖర్చులకు లొంగని ప్రశ్న ఒకటి అందులో ఎదురైంది. హోసూరులో మా బ్యాంకుకు వచ్చే తెలుగువాళ్లు అడిగేదీ అదే: "ఏడాదికి 436 రూపాయలు పట్టుకుంటా ఉండారే సారూ, నాకేమీ కాలేదు. ఆ దుడ్డు పోయినట్టేనా?"

2015లో మొదలైన ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు 2022 నుంచి కట్టవలసిన సొమ్ము అది. మనిషి పోతే ఇంటికి రెండు లక్షలు. చీటీ కట్టినవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు చీటీ వస్తుంది. ఇక్కడ రాకపోవడమే అదృష్టం. ఖర్చులు పక్కన పెట్టినా, 459 మంది కట్టింది కలిస్తేగాని ఒక ఇంటికి రెండు లక్షలు కావు. ఆ ఇల్లు ఏ ఊరిదో, ఏ భాషదో కట్టినవాడికి తెలియదు.

మరి ఇది దానమా? కాదు. నీకు కష్టం వస్తే నేను, నాకు వస్తే నువ్వు అనే మాట ఇది. తెలిసి ఒప్పుకుంటేనే అది మాట అవుతుంది. అడగకుండా ఖాతాలోంచి కోసిన సొమ్ము ఎంత మంచి పనికి పోయినా ధర్మం అనిపించుకోదు. తెలిసి కట్టినవాడు మాత్రం నష్టపోలేదు. ముఖం ఎరగని వాళ్ల ఇంట్లో పొయ్యి ఆరకుండా చూశాడు.