ఎదిగే పిల్ల, బట్టలు, మర్యాద

మన సంఘం సమావేశాలలో పిల్లల చదువుల గురించి, తెలుగు తరగతుల గురించి, ఇళ్ళ ధరల గురించి ఎంతసేపైనా మాట్లాడుకుంటాం. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లకు మొన్న కొన్న చొక్కా ఇవాళ పట్టకపోతే ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ పైకి ఎత్తరు. ఆ మాట తల్లీకూతుళ్ళ మధ్య గుసగుసగా మొదలై, చివరకు గది తలుపు ధడాలున మూసుకోవడంతో ముగుస్తుంది. వైద్యవృత్తిలో ఉన్నవాళ్ళం కనుక మా దగ్గరకు ఈ సంగతి వేరే వేరే పేర్లతో వస్తూంటుంది. ఇందులో మందులతో తీరేది తక్కువ, ఆలోచించుకోవలసింది ఎక్కువ అని మాకు తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ప్రశ్న ఇది. ఒళ్ళు మారుతున్న పిల్లకు ఒంటిని తగుమాత్రం కప్పేవీ, హాయిగా ఉండేవీ అయిన బట్టలు కావాలి. ఆ 'తగుమాత్రం' ఎంతో ఎవరు నిర్ణయించాలి? తల్లిదండ్రులా, బడా, బజారా, పిల్లా?

ముందు ఒంటి సంగతి చెప్పుకుందాం. ఈ దేశంలోనే, లండనుకు ఉత్తరాన ఉన్న హార్పెండెన్ అనే ఊళ్ళోని ఒక బాలల ఆశ్రమంలో పెరుగుతున్న పిల్లలను ఏళ్ళ తరబడి పరిశీలించి, మార్షల్, టానర్ అనే ఇద్దరు 1969లో ఒక వ్యాసం ప్రకటించారు. అందులో 192 మంది ఆడపిల్లల వివరాలున్నాయి. రొమ్ములు మొదలయ్యే వయసు సగటున పదకొండు దాటాక అయినా, కొందరిలో అది తొమ్మిదికే కనిపించింది, కొందరిలో పదమూడు దాకా రాలేదు. రజస్వల కావడం సగటున పదమూడున్నరకు. అక్కడా ముందూ వెనుకా రెండేళ్ళ తేడా. ఇప్పటికీ వైద్యవిద్యార్థులు చదివేది టానర్ దశలే. అంటే ఒకే తరగతిలో పక్కపక్కనే కూర్చునే ఇద్దరు పిల్లలలో ఒకతె చూపుకు చిన్నపిల్లగా, మరొకతె పడుచుపిల్లగా ఉండవచ్చు, ఇద్దరూ ఆరోగ్యవంతులే. ఒకవైపు ముందుగా, మరొకవైపు వెనుకగా పెరగడం కూడా మామూలే. ఈ సంగతి పిల్లకు ముందే తెలిస్తే సగం దిగులు తీరుతుంది. తెలియని పిల్ల తనలో ఏదో లోపం ఉన్నదనుకుంటుంది. దాన్ని దాచడానికి వీపు వంచి నడుస్తుంది. జూలై ఎండలో కూడా దళసరి జంపరు విప్పదు. మెడనొప్పి, వీపునొప్పి అని తీసుకువచ్చిన పిల్లలలో నొప్పి మూలం పుస్తకాల సంచీలో కాక ఈ దాపరికంలో ఉండడం మేము చూశాం.

బజారుకూ, సర్కారుకూ మాత్రం పిల్ల అంటే ఒక కొలత. ఈ దేశంలో 1973లో వ్యాట్ పన్ను వచ్చినప్పటినుంచీ చిన్నపిల్లల బట్టలకు పన్ను లేదు. చిన్నపిల్లలంటే పధ్నాలుగేళ్ళు నిండనివాళ్ళు. కాని దుకాణంలో జన్మపత్రిక అడగరు గదా! అందుచేత ఆ వయసు పిల్లల సగటు కొలతలు పెట్టుకుని హద్దు గీశారు. పదకొండేళ్ళకే పొడుగ్గా, నిండుగా ఎదిగిన పిల్ల ఆ హద్దు దాటి పెద్దవాళ్ళ అరలోకి పోతుంది. ఆమె చొక్కాకు నూటికి ఇరవై పన్ను పడుతుంది. డబ్బు మాట అటుంచండి. పెద్దవాళ్ళ అరలో ఉన్న బట్ట పెద్దవాళ్ళ రూపానికి కుట్టినది, పెద్దవాళ్ళ కోరికలకు కత్తిరించినది. పిల్లల అరలోది పట్టదు. పెద్దల అరలోది నప్పదు. ఈ రెండు అరల నడుమ నిలబడి ఏడ్చే పిల్లను పొగరుబోతు అని కసరడం న్యాయం కాదు.

మన ఊళ్ళలో ఈ ఇబ్బంది ఇలా ఉండేది కాదు. గౌను తరువాత పరికిణీ జాకెట్టు, పరికిణీ తరువాత ఓణీ, ఓణీ తరువాత చీర. మెట్లు ముందే కట్టి ఉండేవి. దర్జీ పరికిణీ అంచుమీద రెండు మూడు టక్కులు వేసేవాడు. పిల్ల ఎదిగినకొద్దీ ఒక్కొక్కటే విప్పేవారు. జాకెట్టు లోపల కుట్టుకు అవతల రెండంగుళాల గుడ్డ వదిలేవాడు. పిల్ల మారుతుందన్న సంగతి బట్టలోనే కుట్టి ఉండేది. ఎవరూ ఎవరితోనూ వాదించనక్కరలేకపోయేది.

కాని ఆ ఏర్పాటును మరీ పొగుడుకోనక్కరలేదు. ఓణీ ఎంత కప్పేదో అంత చాటేది కూడా. పిల్ల పెద్దమనిషి అయిందని పీటమీద కూర్చోబెట్టి, చిమ్మిలి పెట్టి, పేరంటానికి ఊరందరినీ పిలిచేవారు. ఒంటిని దాచే బట్టే ఒంటి సంగతి వీధికి చెప్పేది. అందుకు మురిసిపోయిన పిల్లలు ఉన్నారు. సిగ్గుతో చితికిపోయి, ఆ నెలలోనే బడి మానిపించగా ఆ పరికిణీని తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు తుడుచుకునే అమ్మమ్మలూ ఉన్నారు.

ఇంకా వెనక్కి పోతే, రవిక అన్నది లేకుండా చీర చెంగుతోనే గౌరవంగా బతికిన ముత్తవ్వలు మన పల్లెలలో ఎందరో. వారికి మర్యాద తెలియదని ఎవరు అనగలరు? మరోవైపు తిరువాన్కూరు రాజ్యంలో నాడారు స్త్రీలు పైబట్ట వేసుకునే హక్కు కోసం దశాబ్దాలపాటు దెబ్బలు తిని పోరాడవలసి వచ్చింది. 1859లో రాజుగారి ప్రకటన వారికి ఒళ్ళు కప్పుకునే అనుమతి ఇచ్చింది. అప్పుడు కూడా పైకులాల స్త్రీల తీరున కప్పుకోరాదన్నది. కప్పుకోనివ్వకపోవడం ఎలాంటి అవమానమో, బలవంతాన కప్పించడం కూడా అలాంటిదే. రెండింటిలోనూ ఆమె ఒంటిమీద అధికారం మరొకరిది. మర్యాద గజాల లెక్కలో ఉండదని దీనివల్ల తెలుస్తున్నది.

మరి ఎక్కడ ఉంటుంది? సంస్కృతంలో మర్యాద అంటే అసలు అర్థం హద్దు, పొలిమేర. పొలిమేర ఉన్నదంటే దానికి లోపల ఒక చేను, ఆ చేనికి ఒక హక్కుదారు ఉంటారు గదా. తెలుగులో మనకు రెండు వేర్వేరు మాటలున్నాయి: సిగ్గు, గుట్టు. ఎవరో చూస్తారన్న బెదురుతో ముడుచుకునేది సిగ్గు. నాది నా దగ్గరే ఉండనీ అని నిబ్బరంగా అట్టేపెట్టుకునేది గుట్టు. సిగ్గుకు ఎదుటివాడి కన్ను కావాలి, గుట్టుకు అక్కరలేదు. పిల్లకు మనం నేర్పవలసింది గుట్టు. మనం తరచు నేర్పుతున్నది సిగ్గు.

ఈ దేశపు న్యాయస్థానాలు కూడా ఈ ముడి విప్పడానికి ప్రయత్నించాయి. లూటన్ పట్టణంలోని డెన్‌బీ హైస్కూలులో చదివే షబీనా బేగం అనే బాలిక రెండేళ్ళపాటు బడివారు అనుమతించిన సల్వారు కమీజు వేసుకుని వెళ్ళింది. 2002 సెప్టెంబరులో, పధ్నాలుగో ఏడు నిండవస్తున్నప్పుడు, తాను ఎదిగిన పిల్లను కనుక ఒంటిరూపు తెలియని పొడుగాటి జిల్బాబ్ వేసుకుంటానన్నది. బడివారు కుదరదన్నారు. అక్కడి పిల్లలలో ఎక్కువమంది ముస్లిములే. స్థానిక మసీదులతో సంప్రదించి ఏర్పరచిన దుస్తులే అవి. కింది కోర్టులో పిల్ల ఓడింది, 2005లో అప్పీలులో గెలిచింది, 2006 మార్చిలో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో తిరిగి ఓడింది. ఆ తీర్పులో లేడీ హేల్ రాసిన భాగం మాకు ఆలోచింపదగినదిగా తోచింది. వయసు వచ్చిన స్త్రీ తనంత తాను ఎంచుకున్న తీరును ఇతరులు అడ్డకూడదు. కాని బడిపిల్ల ఇంకా ఆ ఎంపిక చేసుకునే శక్తి వైపు ఎదుగుతున్నది, ఆ ఎదుగుదలకు బడి చోటివ్వాలి. ఆమె చెప్పినదాని సారం ఇదీ. తీర్పు మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. బట్ట ఒక జెండా అయినప్పుడు అందరూ జెండాను చూస్తారు, దాన్ని మోసే పిల్ల భుజం నొప్పి ఎవరికీ కనిపించదు. మన ఇళ్ళలోనూ జరిగేది అదే. 'మన సంస్కృతి' అని ఒకరు, 'ఇక్కడివాళ్ళలో కలవాలి' అని మరొకరు. పిల్ల అడిగినది ఈ రెండూ కాదు. ఆటల పీరియడులో పరిగెత్తేటప్పుడు కదలకుండా ఉండే ఒక లోబట్ట అడిగింది.

ఇది చిన్న మాట కాదు. పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంవారు ఈ దేశపు బడులలో 11 నుంచి 18 ఏళ్ళ ఆడపిల్లలను 2,089 మందిని అడిగి 2016లో ఫలితాలు ప్రకటించారు. రొమ్ముల కారణంగా బడి ఆటలలో పాల్గొనడానికి ఎంతో కొంత ఆటంకం కలుగుతున్నదని నూటికి 46 మంది అన్నారు. సగానికి పైగా స్పోర్ట్స్ బ్రా ఎన్నడూ వేసుకోలేదన్నారు. ఈతకొలను సంగతీ అంతే. ప్రాథమిక పాఠశాల వదిలేలోగా ప్రతి పిల్లా 25 మీటర్లు ఈదగలగాలని ఇంగ్లండు పాఠ్యప్రణాళిక చెబుతున్నది. అది సరిగ్గా ఒళ్ళు మారడం మొదలయ్యే వయసు. ఆ యేడు జలుబనీ, కడుపునొప్పనీ చీటీలు రాయించుకునే పిల్లకు కావలసింది మందు కాదు. మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా ఉండే ఒక ఈతదుస్తు.

ఇక్కడ పెద్దల ఆక్షేపణ ఒకటి వస్తుంది. 'పిల్ల ఇష్టం అంటారు. ఆ ఇష్టం ఎక్కడిది? ఫోనులోది, స్నేహితురాళ్ళది, దుకాణం అద్దంలోది. మనం వదిలేస్తే బజారు పట్టుకుంటుంది.' ఈ మాటలో నిజం ఉంది. పన్నెండేళ్ళ పిల్ల ఇష్టం గాలిలోంచి పుట్టదు. అయితే పిల్లకు సొంత ఇష్టం ఇంకా కుదరలేదు కనుక మన ఇష్టాన్ని అంటగట్టాలన్నది దానినుంచి రాదు. మనది కూడా ఒకప్పుడు మన ఊరు మనకు అంటగట్టినదే. చేయగలిగినది ఏమంటే, ఆమె ముందు అరను వెడల్పు చేయడం. బజారు చూపించని నాలుగు రకాలు వెతికి చూపించడం, అవి ఎందుకో చెప్పడం, ఆపైన ఎంపిక ఆమెకు విడవడం.

దీనికి ఎదురు తప్పు మరొకటి ఉంది, దాన్ని మన ఆధునికులు చేస్తారు. పిల్ల తనంతట తాను వదులు చొక్కా అడిగితే, 'ఏమిటా ముసలమ్మ వేషం, నీకేం తక్కువ' అని బిగుతైనది కొనిపెడతారు. తాము వెనుకబడినవాళ్ళం కామని నిరూపించుకోవడానికి పిల్ల ఒంటిని సాక్ష్యంగా నిలబెట్టడం అది. చున్నీ సరిచేసుకోమని నలుగురిలో కసిరే పెద్దమ్మకూ ఈ తండ్రికీ తేడా మాకు కనిపించదు. ఒకసారి ఉగాది విందులో ఒక పన్నెండేళ్ళ పిల్లతో ఒకావిడ, 'అప్పుడే ఎంత ఎదిగిపోయావే!' అన్నారు, ప్రేమగానే. ఆ పిల్ల పళ్ళెం అక్కడే పెట్టి వెళ్ళి కారులో కూర్చుంది. పాట పాడవలసిన పిల్ల, పాడలేదు.

కనుక మాకు తోచిన నియమాలు కొన్ని చెబుతాం. బట్ట కొనేముందు 'ఇది ఎలా కనిపిస్తుంది' అని కాక 'ఇది వేసుకుని నువ్వు ఏం చేయాలి' అని అడగండి. చేతులు పైకెత్తమనండి, ముందుకు వంగమనండి, నేలమీద కూర్చోమనండి. మూడింటిలోనూ బట్టను లాక్కోకుండా ఉండగలిగితే అది ఆమెకు తగినదే. మొదటి బ్రాకు ఊహమీద కొలత వద్దు. మార్క్స్ అండ్ స్పెన్సర్ వంటి దుకాణాలలో కొలిచి చెప్పే ఆడవాళ్ళు ఉంటారు. పిల్ల ఒప్పుకుంటేనే కొలిపించండి, లేకపోతే ఇంట్లో టేపు చేతికిచ్చి తననే కొలుచుకోనివ్వండి. కొన్ని నెలలకే ఆ కొలత మారుతుంది, కనుక ఖరీదైనవి గుట్టగా కొనవద్దు. బిగుతు బాడీ వేస్తే పెరుగుదల ఆగుతుందన్న నమ్మకం మన ఇళ్ళలో ఉంది. ఆగదు, ఒరుపులూ, ఊపిరాడని చిరాకూ మిగులుతాయి. చెమట పీల్చే నూలు బనీను, నెలసరి రోజులకు ముదురురంగు లాగు, బడి సంచీలో మార్చుకోవడానికి ఇంకొకటి. బడివారి నియమం అడ్డం వస్తే మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. అడిగితే ప్యాంటు, పొడుగు చేతులు ఒప్పుకునే బడులు చాలా ఉన్నాయి. దుస్తులు మార్చుకునే గదిలోకి పిల్ల ఒంటరిగా వెళ్ళనీయండి. తలుపు ఇవతల మనం ఉండడమే సాయం.

మగపిల్లలను మరవవద్దు. ఎదిగే వయసులో సగం మంది దాకా మగపిల్లలకు రొమ్ము దగ్గర కొంత వాపు రావడం కద్దు. చాలామందికి అది ఒకటి రెండేళ్ళలో తగ్గిపోతుంది. చొక్కా విప్పాలంటే భయపడి ఈత మానేసే పిల్లవాడిని 'ఆడపిల్లలా సిగ్గేమిటిరా' అని ఎగతాళి చేస్తాం. వాడికీ గుట్టు కావాలి. అన్నకు అది దక్కిన ఇంట్లో చెల్లెలికి దక్కడం తేలిక.

ప్రశ్నకు జవాబు ఇదీ అని మేము అనుకుంటున్నాం: హద్దు గీయవలసినది పిల్ల, ఆ హద్దును గౌరవించవలసినది ఇంటివారూ, బడివారూ, విందులకు వచ్చే మనమూ. ఆమె ఇవాళ గీసిన హద్దు రేపు చెరిపి మరోచోట గీస్తుంది. పరికిణీ టక్కులు విప్పినట్టు మనం సర్దుకోవాలి. ఈ విషయంలో వేరే అభిప్రాయం ఉన్నవారు, ముఖ్యంగా ఈ దేశంలో ఆడపిల్లలను పెంచి పెద్దచేసిన తల్లులు, ఈ పత్రికకే రాయవలసిందిగా కోరుతున్నాం. పదిహేనేళ్ళ పిల్లలెవరైనా రాస్తే, వారి ఉత్తరం ముందు వేయమని సంపాదకులకు మా మనవి.