పడవ అమ్మి మందు కొనాలా?



ఆ ఆదివారం పూజ ముగిశాక మన నెల్లూరు తీరంలోని ఒక పల్లె యువకుడు నా దగ్గరికి వచ్చాడు. తల్లికి రొమ్ము క్యాన్సర్. ఇతర అవయవాలకు పాకింది. చెన్నైలో డాక్టర్లు డాక్సోరుబిసిన్ అనే మందు రాశారు. అదే మందు లైపోసోముల రూపంలోనూ దొరుకుతుందని, ఖరీదు ఎన్నో రెట్లు ఎక్కువని ఎవరో చెప్పారు. "ఫాదర్‌గారూ, పడవ అమ్మేస్తాను. అమ్మకు ఆ మందు ఇప్పించకపోతే పాపం కాదా?" అని అడిగాడు.

లైపోసోమంటే కొవ్వు పదార్థంతో ఏర్పడే సూక్ష్మమైన బుడగ. 1960వ దశకంలో ఇంగ్లండు శాస్త్రవేత్త అలెక్ బ్యాంగమ్ దీన్ని గుర్తించాడు. ఈ మందును మోసే బుడగ సుమారు మిల్లీమీటరులో పదివేలవ వంతు ఉంటుంది. కణితిలోని రక్తనాళాల గోడలకు సందులుంటాయి గనుక అక్కడ ఎక్కువగా చేరుతుంది. గుండెకు హాని తగ్గుతుంది. 1995లో అమెరికా దీన్ని ఆమోదించింది. 2012లో అక్కడే కొరత వస్తే మన దేశపు కంపెనీ మందును దిగుమతి చేసుకున్నారు.

అయితే, రొమ్ము క్యాన్సర్ పాకినవారిలో రెండింటినీ పోల్చి చూసినప్పుడు కొత్త రూపం గుండెను కాపాడిందే గాని, ఆయుష్షును పాతదానికన్నా పెంచలేదు. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబారి తోలు ఊడే బాధ దీనితోనే ఎక్కువ.

ప్రాణరక్షణకు సాధారణ మార్గాలను వాడటం మన విధి, తనకుగాని ఇతరులకుగాని మోయరాని భారమయ్యే మార్గాలు విధి కావు అని 1957లో పన్నెండవ పయస్ పోపుగారు వైద్యులకు బోధించారు. "అలాగైతే అమ్మ ప్రాణానికి వెల కట్టినట్టే కదా?" అంటారేమో. కాదు. మనం త్రాసులో పెట్టేది తల్లిని కాదు, మందును. అది చేసే మేలెంత, మోపే బరువెంత అని చూస్తున్నాం.

కనుక అతనితో ఇలా అన్నాను: "అమ్మ గుండె బలహీనంగా ఉందా, ఈ మందుతో ఆమెకు అదనంగా కలిగే మేలేమిటి అని డాక్టరును అడుగు. గుండె కోసం ఇదే కావాలంటే ఆ భారం నీ ఒక్కడిది కాదు, విచారణ అంతటిదీ. అవసరం లేదంటే పాత మందే ఇప్పించు. అందులో పాపం లేదు. ఇంతకూ అమ్మను అడిగావా?"

అతడు తల వంచుకున్నాడు. అడగలేదు.

మన ఇళ్ళలో జబ్బుపడినవారి గురించి అందరం మాట్లాడతాం, వారితో తప్ప. ఖరీదైన మందు కొనలేకపోవడం పాపం కాదు. మంచంపై ఉన్న మనిషి మాట వినకపోవడం గురించి మాత్రం ఆలోచించండి.