మధ్యలో పడిపోయిన అయిదు వందల యూనిట్లు

కరెంటు కంపెనీని మార్చుకోవడం అన్న మాటే మన పాఠకుల్లో చాలామందికి వింతగా తోచవచ్చు. బెంగుళూరులో గానీ, కోయంబత్తూరులో గానీ, బరంపురంలో గానీ ఇంటికి కరెంటు ఇచ్చేవాడు ఒక్కడే. వాడిచ్చిందే వెలుగు, వేసిందే బిల్లు. ముంబయి శివార్ల సంగతి వేరు. 2008 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు దారి తెరిచింది. మరుసటి ఏడు అక్టోబరులో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ పద్ధతి ఏర్పరిచింది. దాంతో ఇక్కడి ఇళ్ళవాళ్ళకు రెండు కంపెనీలలో ఒకదాన్ని ఎంచుకునే వీలు కలిగింది. తీగలు పాత కంపెనీవే. వాటి మీదుగా వచ్చే కరెంటు లెక్క కొత్త కంపెనీది. తీగల అద్దె పాతవారికి ముడుతుంది.

2011లో నేనూ మారాను. యూనిట్ ధర తక్కువన్నది తప్ప వేరే ఆదర్శమేమీ లేదు. మీటరు మార్చిన రోజున వచ్చిన కుర్రవాడు పాత మీటరు ఆఖరి అంకెను ఒక కాగితం మీద రాసి, నాచేత సంతకం చేయించుకుని, కార్బన్ కాపీ నా చేతిలో పెట్టాడు. 14,872. మూడు వారాలకు పాత కంపెనీ ఆఖరి బిల్లు వచ్చింది. అందులో 14,372 అని ఉంది. ఎనిమిది కాస్తా మూడైంది.

తేడా అయిదు వందల యూనిట్లు. ఆనాటి ధరల్లో మూడు వేలకు కాస్త అటూ ఇటూ. కొత్త మీటరు సున్నాతో మొదలైంది కనక ఈ అయిదు వందలు ఏ కంపెనీ పుస్తకంలోకీ ఎక్కలేదు. నేను బ్యాంకు ఉద్యోగిని. తేడా కనపడితే కన్ను అక్కడే ఆగుతుంది. ఫోను చేశాను. "ఖాతా మూసేశాం సార్, బాకీ సున్నా" అంది అవతలి అమ్మాయి. మళ్ళీ చెప్పబోతే, బిల్లు ఎక్కువ వేశారని నా గోల అనుకుని ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చింది. తక్కువ వేశారని చెప్పుకునేవాడికి ఆ కంప్యూటరులో గడి లేదు కాబోలు. ఫోను పెట్టేశాను. నిజం చెప్పాలంటే హాయిగానే పెట్టేశాను. అంతకు ముందొకసారి తలుపు తాళం వేసి ఉందని రాసుకుని, సగటు లెక్కన ఎక్కువ వసూలు చేసి, దాన్ని సరిచేయడానికి నన్ను నాలుగుసార్లు తిప్పారు. ఆ తిరుగుళ్ళకు ఇది కూలి అనుకున్నాను.

ఇంతటితో అయిపోయి ఉంటే ఈ వ్యాసం రాసే పని లేదు. అదే ఏడు మా బ్రాంచిలో ఇంకొక అంకె తప్పింది. ఒకరి ఖాతాలో పడవలసిన అయిదు వేలు, భర్త పోయిన ఒక పింఛనుదారు ఖాతాలో పడ్డాయి. మనం కనిపెట్టేలోగా ఆమె వాటిని తీసి కొడుకు ఫీజు కట్టేసింది. నేనే ఆమెను పిలిపించాను. కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెప్పాను. పొరపాటున ముట్టిన సొమ్ము ముట్టినవాడు తిరిగి ఇవ్వాలి, అంతే. పింఛనులోంచి నెలకు వెయ్యి చొప్పున అయిదు నెలలు కోశాను. "తప్పు మీది కదా సాబ్" అందామె. "తప్పు మాదే, డబ్బు మీది కాదు" అన్నాను. మంచి మాట అన్నానని ఆరోజు నాకే ముచ్చటేసింది.

ఆ మాట ఇంటికి నా వెంట వచ్చింది. కానీ చాలా ఏళ్ళు అది వినపడనట్టే గడిపాను.

వినకుండా ఉండటానికి చట్టం కొంత సాయం చేసింది. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం, చెల్లించవలసిన నాటినుంచి రెండేళ్ళు దాటిన బాకీని, బిల్లుల్లో ఎడతెగకుండా చూపుతూ వస్తే తప్ప, వసూలు చేయరాదు. 2013తో నా బాకీకి కాలదోషం పట్టిందని లెక్క వేసుకున్నాను. తీరా 2020 ఫిబ్రవరిలో, రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక కేసులో, సుప్రీంకోర్టు దీన్ని విడదీసి చెప్పింది. బాధ్యత కరెంటు వాడకంతోనే పుడుతుంది, చెల్లించవలసిన గడువు మాత్రం బిల్లు వేసినప్పుడే మొదలవుతుంది, పొరపాటు బయటపడితే రెండేళ్ళ తర్వాత కూడా అదనపు బిల్లు వేయవచ్చు, అయితే అందుకోసం కరెంటు కోయరాదు అని. నా అయిదు వందల యూనిట్లకు బిల్లే పుట్టలేదు కనక, గడువూ మొదలు కాలేదనుకోవాలి. అయినా బి.కాం.లో చదువుకున్నదే ఇది. గడువు దాటితే కోర్టు తలుపు మూసుకుంటుంది గానీ అప్పు చావదు. కాలదోషం పట్టిన అప్పును తీరుస్తానని రాసి సంతకం చేస్తే, కొత్త ప్రతిఫలం ఏమీ లేకున్నా ఆ వాగ్దానం చెల్లుతుందని 25వ సెక్షన్ చెబుతుంది. చచ్చినదానికి సంతకంతో ప్రాణం రాదు కదా.

మా సహోద్యోగి ఒకాయన వాదన వేరు. బాకీదారు అప్పిచ్చినవాడి ఆడిటరు కాడు, వాడి పుస్తకాలు వాడు చూసుకోవాలి అంటాడు. సగం ఒప్పుకుంటాను. తప్పులు వెతికే పని నాది కాదు. కానీ నేను వెతకలేదు, చూశాను. మా క్యాషియరుకు సాయంత్రం లెక్కలో తక్కువ వస్తే జేబులోంచి కడతాడు, ఎక్కువ వస్తే సస్పెన్స్ ఖాతాలో వేస్తాడు. ఎవరిదో తెలియదు కనక నాదే అని ఏ క్యాషియరూ అనడు. అన్నవాడి ఉద్యోగం ఉండదు.

అసలు చాలాకాలం నన్ను ఓదార్చింది ఇంకొక సంగతి. పోయింది పెద్ద కంపెనీ సొమ్మే కదా అన్నది. దీన్ని కాస్త నెమ్మదిగా చూడాలి. ఒక కంపెనీ ఆ ఏడు ఎంత వసూలు చేయాలో కమిషన్ నిర్ణయిస్తుంది. కొన్న కరెంటు ఖర్చూ, తీగల ఖర్చూ, ఒక హద్దు వరకు బిల్లు కాకుండా పోయిన యూనిట్ల నష్టమూ అందులో కలుస్తాయి. ఆ మొత్తాన్ని వాడకందార్ల మీద పంచుతారు. అంటే నా అయిదు వందలు కంపెనీ బొక్కసంలోంచి పోయాయో లేదో గానీ, ఆ కంపెనీలో మిగిలినవాళ్ళ బిల్లుల్లోకి చుక్కచుక్కగా దిగే దారి మాత్రం ఉంది. మరి మిగిలిందెవరు? ఎక్కువ వాడేవాడు యూనిట్‌కు ఎక్కువ కట్టి, తక్కువ వాడేవాడికి చేయూతనిచ్చే ఏర్పాటు మన దేశంలో చాలాచోట్ల ఉంది. మారితే లాభమూ ఎక్కువ వాడేవాడికే ఎక్కువ. ఏసీలున్న మాలాంటి వాళ్ళం ముందు లేచిపోయాం. ఇందుకే తర్వాత, వెళ్ళినవాళ్ళ మీద కమిషన్ క్రాస్ సబ్సిడీ సర్‌చార్జీ వేసింది. సణుగుతూ కట్టాను. కట్టాను కనక ఋణం తీరిందనీ అనుకున్నాను. కానీ మీటరు ఎక్కిన యూనిట్లకే సర్‌చార్జీ. మధ్యలో పడిపోయినవాటికి కాదు.

మా చిన్నమ్మ ఘాట్కోపర్ కొండవాలు మీద చాల్‌లో ఉంటుంది. రెండు లైట్లు, ఒక ఫ్యాను, టీవీ. చిన్నాయన మిల్లు 1982 సమ్మెలో మూతపడ్డాక అక్కడికి చేరారు. ఖోలీ కాగితాలు సరిగ్గా లేక, ఆ తిరుగుడు తన వల్ల కాదని కంపెనీ మారలేదు. ఒక దసరాకు వెళ్ళినప్పుడు బిల్లు నా చేతికిచ్చి, "మల్ల పెరిగింది బిడ్డా, జర సూడు, లెక్క మంచిగనే ఉన్నదా?" అంది. చూశాను. లెక్క సరిగ్గానే ఉంది. "అట్లయితే కడ్త తియ్" అని మడిచి డబ్బాలో పెట్టుకుంది.

ఆమె బిల్లు ఒక ఏడాది నేనే కడితే సరిపోతుందని దారిలో అనిపించింది. ఇంటికి వచ్చేసరికి ఆ ఆలోచన చేదైంది. బాకీని దానంగా మార్చి, పైగా దీవెనలు కూడా పుచ్చుకోవడం అవుతుంది. నేను కోసిన ఆ అయిదు వేలకు ఎవరూ నాకు దానమన్న పేరు ఇవ్వలేదు, ఆమెకూ ఇవ్వలేదు.

కిందటి నెల ఇంటి కాగితాలు సర్దుతుంటే ఆ కార్బన్ కాపీ దొరికింది. నీలం రంగు వెలిసిపోయింది గానీ ఎనిమిది ఎనిమిదిగానే ఉంది. జిరాక్సు తీయించి, పాత ఖాతా నంబరు రాసి, అయిదు వందల యూనిట్లకు బిల్లు వేయవలసిందని పోస్టులో ఉత్తరం పంపాను. జవాబు రాలేదు. రెండో ఉత్తరం రాస్తున్నాను. మా ఆవిడ మాత్రం పోస్టు ఖర్చులు ఆ మూడు వేలల్లోంచి మినహాయించుకోమంటోంది.