తప్పిపోయినవానికే పని అప్పగించిన ప్రభువు

ఒక గుమాస్తా లెక్కలో పొరపాటు చేశాడనుకుందాం. పై అధికారి పదిమంది ముందు అతణ్ణి "పనికిమాలినవాడా" అని తిట్టాడు. మర్నాటి నుండి అతడు తలవంచుకొని పనిచేస్తాడు, నిజమే. కాని మరో పొరపాటు జరిగితే దిద్దుకోడు, దాచేస్తాడు. నష్టం ఎవరికి?

"తప్పు చేశాను" అనే బాధ వేరు, "నేనే పనికిరానివాణ్ణి" అనే సిగ్గు వేరు. హెలెన్ లూయిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో ఈ తేడాను వివరించారు. మొదటిది దిద్దుకోమంటుంది. రెండవది ముఖం చాటేయమంటుంది.

యూదా, పేతురు ఇద్దరూ ప్రభువు పట్ల తప్పు చేశారు. ఇద్దరూ బాధపడ్డారు. తన పాపం ఒప్పుకొన్న యూదాను ప్రధానార్చకులు తమకు సంబంధం లేదని త్రోసిపుచ్చారు. అతడు నిరాశతో ప్రాణం తీసుకున్నాడు. పేతురునైతే ఉత్థాన క్రీస్తు తిబేరియ సరస్సు ఒడ్డున మొదట భోజనానికి పిలిచాడు. తరువాత తనను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. పేతురు నొచ్చుకున్నాడు. దిద్దుబాటులో నొప్పి తప్పదు. కాని ప్రభువు అతణ్ణి నిందించలేదు. మూడుసార్లూ తన మందనే అప్పగించాడు.

సోదరుడు తప్పు చేస్తే ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమని ప్రభువు బోధ (మత్తయి 18:15). పాపసంకీర్తనంలో విన్నది గురువు ఎన్నడూ బయటపెట్టడు. అంత గోప్యంగా క్షమాపణ పొందే మనం, మన క్రింద పనిచేసేవారిని, మన బిడ్డలను, నలుగురిలో నిలబెట్టి దులిపివేయడం న్యాయమా?

తప్పును చూపిద్దాం. మనిషిని నిలబెడదాం. మళ్ళీ పని అప్పగిద్దాం.