సమతలమున సాధన

కొండసీమలో సైకిలు త్రొక్కువానికి గురువులు దారిపొడవునను దొరకుదురు. ఎత్తు ఎదురైనచోట రొమ్ము ఎగసిపడి, పిక్కలు బిగిసి, ఇంక దిగుమని శరీరమే ఆజ్ఞాపించును. దిగుడు వచ్చినచోట కాలు నిలిచి ఊపిరి కుదుటబడును. మా గోదావరి డెల్టాలో ఆ భాగ్యము లేదు. ధవళేశ్వరము దాటినది మొదలు సముద్రపుటొడ్డు వరకు, కాలువగట్టును వంతెనవాలును మినహాయించినచో, చక్రమునకు ఎత్తుపల్లములన్న మాట తెలియదు. కొత్తగా త్రొక్కువాడు దీనిని చూచి ఇంతకంటె సుళువైన దారి లేదని సంబరపడును గాని, సమతలము చేయు మోసము కొండ చేయదు. ఇచ్చట త్రొక్కినంతసేపే బండి నడచును. మానిన కొలదిసేపటికే వేగము చచ్చును. కొండదారి దిగుడులో ఉచితముగా లభించు విశ్రాంతిని ఇచ్చట ఎవరికి వారు బుద్ధిపూర్వకముగా పుచ్చుకొనవలసినదే. ఎంత చాలును అను ప్రశ్నకు నేల జవాబు చెప్పనిచోట మనుష్యుడే చెప్పుకొనవలయును. ఆ పనిలో మనుష్యుడు ఏనాడును సమర్థుడు కాడు.

చిన్ననాట అద్దె సైకిలుపై, సీటు అందక చట్రములోనుండి కాలు దూర్చి నేర్చిన విద్య, యాబదియేండ్లు దాటిన పిదప కూడ చెక్కుచెదరక మిగిలియుండుట నాకు మొదట ఆశ్చర్యము గొలిపినది. తూనిక తప్పలేదు, మలుపు మరువలేదు; దమ్ము మాత్రము పూర్తిగా పోయినది. ఒకే దేహము ఒక విద్యను యావజ్జీవము దాచిపెట్టుటయు, మరియొక శక్తిని కొలది మాసములు వాడకపోయినంతనే విడిచిపుచ్చుటయు విచారింపదగిన సంగతి. దమ్ము మా రైతుల నీటితీరువ వంటిది. నిరుడు కట్టితిమన్న మాట ఈ యేడు చెల్లదు.

అభ్యాసము మొదలిడినవానికి తొలి పక్షములోనే ఒక శుభశకునము కనబడును. మొన్న రొప్పు పుట్టించిన దూరము నేడు అవలీలగా గడచును. రక్తములోని ద్రవభాగమైన ప్లాస్మా వ్యాయామమారంభించిన కొలదిదినములలోనే పెరుగుటచేత, గుండె ఒక్కొక్క స్పందనకు మునుపటికంటె ఎక్కువ రక్తమును పంపగలుగుట దీనికొక కారణము. ఇది సత్యమైన లాభమే గాని, తక్కిన అవయవముల తరఫున ఇచ్చిన హామీ కాదు. ప్రాణవాయువును వినియోగించి కండరమునకు శక్తినిచ్చు మైటోకాండ్రియాలు వృద్ధిపొందుటకు వారములు పట్టును. 1967లో జాన్ హొలోజీ అను అమెరికను శాస్త్రజ్ఞుడు ఎలుకలచేత వారముల తరబడి, నానాటికి పెంచుచు, పరుగు సాధన చేయించి, వాని కండరములలో ఈ సామర్థ్యము సుమారు రెండింతలైనట్లు చూపెను. కండరమును ఎముకకు బిగించు స్నాయువులును మోకాటిలోని మృదులాస్థియు అంతకంటెను మందగమనము కలవి. రక్తప్రసారము కొరవడిన ఆ భాగములు మాసములు గడచిన గాని మారవు. ఇక పిరుదులు సీటుకు అలవాటు పడుట వేరొక లెక్క. ఒకే దేహములో ఇన్ని పంచాంగములు నడుచుచుండగా దేనిని చూచి ముహూర్తము పెట్టవలయును? ఊపిరి త్వరపెట్టును, మోకాలు నోరెత్తక ఓర్చి ఓర్చి, ఒకనాటి ఉదయమున మంచము దిగనీయదు. క్రమముగా సాగుట యనగా, అవయవములన్నిటిలో వెనుకబడి వచ్చుదాని కోసము తక్కినవన్నియు ఆగి నడచుటయే యని నాకు తోచుచున్నది.

ఈ మోకాటి పక్షమున తొలుత వాదించినవాడు వైద్యుడు కాడు. ధవళేశ్వరములో చెట్టుక్రింద పంక్చర్లు వేయు మెకానిక్కు. గాలి కొట్టించుకొనుటకు ఆగిన నన్ను ఎగాదిగా చూచి, "సీటెత్తాలండీ. అంత కిందకుంటే మోకాలు నొప్పెట్టదాండీ మరి?" అనెను. కాలు నేలకు అందవలెను గదా యని నేననగా, "ఆగినప్పుడు కదండీ అందాలి, తొక్కేటప్పుడెందుకండీ? ఆయ్" అనుచు పానా తీసెను. బోల్టు వదులుచేసి, సీటు కొంచెము పైకి లాగి, నన్నెక్కించి, హ్యాండిలు తాను పట్టుకొని, పెడలును అడుగునకు దించి దానిపై మడమ ఆనించుమనెను. కాలు నిటారుగా చాగినది. పిమ్మట మునిగాలు ఆనించుమనెను. మోకాలు రవంత వంగినది. "అదండీ లెక్క" అని బోల్టు బిగించి, గాలికి మాత్రమే డబ్బు పుచ్చుకొనెను. ఆనాటినుండి ఎక్కునపుడును దిగునపుడును నాకు కొంచెము బెరుకు కలుగును గాని, మోకాలు మాత్రము ఆ బెరుకును క్షమించినది.

కొండలేని లోటును మాకు గాలి తీర్చును. ఆషాఢమాసమున పడమటిగాలి పట్టినప్పుడు రాజమహేంద్రవరమునుండి కాలువ వెంట కడియము, ద్వారపూడి మీదుగా తూర్పునకు పోవువాడు తన పిక్కబలమును తానే మెచ్చుకొనుచు పోవును. వీపున తోయు గాలి చెవికి వినబడదు గదా! తిరుగుముఖము పట్టినంతనే హోరు మొదలగును. గాలి అడ్డగింపు వేగపు వర్గముననుసరించియు, దానిని గెలుచుటకు వలసిన శక్తి ఘనముననుసరించియు పెరుగుననియు, గాలితో పోరు వరకు చూచినచో రెట్టింపు వేగమునకు ఎనిమిదింతల శక్తి కావలయుననియు యంత్రశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున ఎదురుగాలిలో మునుపటి వేగమునే పట్టుకొని వ్రేలాడుట అవివేకము. వేగమును గాలికి విడిచి, శ్రమను సమముగా నుంచుకొనుటయే మేలు. ఆ మాసములందు నేను ముందుగా పడమరకే పోవుదును. 1974లో రాకపోకలకు తెరచిన రోడ్డు-రైలు వంతెన ఎక్కుటకు గల వాలు మా ఊరికి కొండతో సమానము. పైకెక్కిన పిదప కొవ్వూరు వరకు ఎదురుగాలియే. బలమున్నప్పుడే బాకీ తీర్చివైచినచో, వచ్చునపుడు గాలి ఇంటివరకు సాగనంపును.

శ్రమ సమముగా నున్నదో లేదో తెలుపుటకు నాడిని లెక్కించు చేతిగడియారములు నేడు దొరకుచున్నవి. వానికంటె పాతదియు నమ్మదగినదియు నగు పరీక్ష యొకటి కలదు: ప్రక్కవానితో పూర్తి వాక్యములలో మాటలాడగలుగుట. గోదావరి జిల్లాలవారికి ఇంతకంటె అనువైన పరీక్ష పుట్టబోదు. మా సైకిలు గుంపులో ఎవని నోరైన మూతబడినచో అతడు మితిమీరి త్రొక్కుచున్నాడని అడుగకయే తెలిసికొందుము. వారమువారము దూరమును పదింట ఒక పాలుకంటె ఎక్కువ పెంచరాదన్న నియమము కూడ వాడుకలో నున్నది. అది శాస్త్రము గాదు, అనుభవజ్ఞుల ఉజ్జాయింపు.

దీర్ఘకాలము, ఎడతెగక, ఆదరముతో సేవించిన అభ్యాసమే గట్టిపడునని పతంజలి యోగసూత్రములలో చెప్పెను. మూడు నియమములలో దీర్ఘకాలమునే ముందు నిలుపుట గమనింపదగినది. ఎడతెగక యన్న రెండవ నియమము మాత్రము నన్ను చాలకాలము తికమకపెట్టినది. ప్రతిదినము త్రొక్కవలయునా? త్రొక్కునపుడు కండరము అలసి నలుగును. బలపడుట అటుపిమ్మటి తిండిలోను నిద్రలోను జరుగును. అట్లైనచో సైకిలు గోడకానించిన దినము అభ్యాసమునకు వెలుపలిది కాదు, అందులోని సగము. వెలోసియో అను కలంపేరుగల పాల్ ద వివీ (1853–1930) అను ఫ్రెంచి సైకిలు యాత్రికుడు, ఆకలికి ముందే ఆహారమును దప్పికకు ముందే నీటిని విధించి, ఆకలియు నిద్రయు చెడునంతగా అలసిపోరాదనెను. రోహిణీకార్తె ఎండలో కొబ్బరిబోండము కొట్టించుకొనుటకు ఆగునపుడెల్ల నేనీ పరదేశపు ఋషిని తలచుకొందును.

కాటన్ దొర 1847లో మొదలిడి 1852లో ముగించిన ఆనకట్టకు బదులుగా నేడు నిలిచిన బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, కాలువ వెంట లొల్ల లాకులు దాటి రావులపాలెము పోవు దారి నాకు మిక్కిలి ప్రియమైనది. కాలువ పల్లమునకు పోవుచున్నదన్న సంగతి లాకులకడనే కంటికి తెలియును. ఆ దారిలో అరటి మార్కెట్టుకు గెలలు తెచ్చువారు ఎదురగుదురు. క్యారియరుకు ఇరుప్రక్కల గెలలు వ్రేలాడగట్టి, అవి తగులకుండ మోకాళ్ళు బయటికి వాల్చి, నా సైకిలు ఖరీదులో ఏ పదోవంతో చేయని పాత బండిపై తాపీగా త్రొక్కుకొని పోవువానిని చూచినపుడు, నా అభ్యాసమును గూర్చిన చింతనయంతయు కొంచెము చిన్నబోవును. అతని బలమును ఎవ్వరును సాధన యనరు. నేడు విశ్రాంతి దినమని అతడు అనుకొన్నంత మాత్రమున గెల పండక ఆగదు. దేహమును కొంచెము కొంచెముగా ఒప్పించుకొను అవకాశమే తీరికగలవాని సొత్తని, ఆ సొత్తు చేతికందిన తరువాత కూడ తొందరపడువానిపై జాలిపడనక్కరలేదని నా అభిప్రాయము.

1891లో పుట్టి, నేడు నాలుగేండ్లకొకమారు జరుగుచున్న పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిలు యాత్రలో 1200 కిలోమీటర్లను 90 గంటలలో ముగింపవలయును. ఆ తరహా సవారీలలో తొలిమెట్టైన 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు. లెక్క వేసినచో గంటకు 15 కిలోమీటర్లు కూడ నిండవు, అందులోనే టీలును టిఫిన్లును పంక్చర్లును. ఈ లెక్క చెప్పినది మొదలు మా గుంపులోని యువకుడొకడు నన్ను నిలువనీయుట లేదు. "బాబాయిగారూ, మారేడుమిల్లి ఎప్పుడండీ?" అని వంతెనమీద అడుగును, టీకొట్టుకడ అడుగును. రంపచోడవరము మీదుగా 80 కిలోమీటర్లకు పైబడిన దారి. తుదకు అడవియు ఎత్తును. ఊపిరి ఇదివరకే ఒప్పుకొన్నది. "ముందు కోరుకొండ వైపు మెట్టలు ఎక్కి చూద్దాం అబ్బాయీ, కార్తికం దాటేదాకా ఆ ఊసెత్తకు" అంటిని. అతడు సరేనని, అచ్చట మార్గశిరములో గదులు దొరకునా యని ఎవరికో ఫోను చేయుచున్నాడు.