ఋణదాత కానరాని ఋణము

తాను చదివిన విశ్వవిద్యాలయమును విడిచి ముప్పది నలుబది యేండ్లు గడచిన పిమ్మట, ఒక వైద్యుడో న్యాయవాదియో ఇంజనీరో, తాను మొగమైన నెఱుగని ఒక విద్యార్థి రుసుము నిమిత్తమై తన ఆర్జితములో కొంత తీసి పంపినప్పుడు, ఆతడు చేసినది దానమా, ఋణవిమోచనమా? దానమైనచో ఇచ్చినవాడు అధికుడు, పుచ్చుకొన్నవాడు తక్కువవాడు; ఋణమైనచో ఇచ్చినవానికి గర్వించుటకు తావు లేదు, పుచ్చుకొన్నవాడు తలవంచ నక్కఱ లేదు. మలేషియా విశ్వవిద్యాలయముల పుట్టుపూర్వోత్తరములను విచారించినకొలదియు నాకు రెండవ పక్షమే బలవత్తరముగా తోచుచున్నది.

ఆ ప్రాంతమున ఉన్నతవిద్య చందాలతోనే పుట్టినది. స్థానికులకు వైద్యము నేర్పు పాఠశాల కావలెనని 1904లో తాన్ జియాక్ కిమ్ అను చైనీయ వర్తకుడు తోడివారితో కలిసి ప్రభుత్వమును అర్థించి, ధనము మీరే కూర్చుకొనుడని ప్రభుత్వము చెప్పగా, తాను 12,000 డాలర్లిచ్చి, ఇతరులచే ఇప్పించి, మొత్తము 87,077 డాలర్లు ప్రోగుచేసెను. 1905లో సింగపూరున తెఱువబడిన ఆ పాఠశాలయే కాలక్రమమున ఏడవ ఎడ్వర్డు వైద్యకళాశాలయై, 1949లో రాఫిల్స్ కళాశాలతో కలిసి మలయా విశ్వవిద్యాలయముగా పరిణమించినది. 1970లో కెబాంగ్సాన్ విశ్వవిద్యాలయము, అనగా అచ్చటి జాతీయ విశ్వవిద్యాలయము, నెలకొల్పబడినప్పుడును సామాన్యజనులు తమకు తోచినంత చందా యిచ్చిరి. కావున ఆ తరగతిగదులలో కూర్చున్న మొట్టమొదటి విద్యార్థి సైతము, పుస్తకము తెఱువకమునుపే, తానెఱుగని జనులకు ఋణపడియే యుండెను. నా రుసుము నేనే కట్టి చదివితినని పలుకువాడు, ఆ గోడలను లేపినదెవరి సొమ్మో విచారింపని వాడు.

బ్రాహ్మణుడు ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడియే జన్మించునని తైత్తిరీయ సంహిత చెప్పినది. శతపథ బ్రాహ్మణము ఆ మాటను పుట్టిన ప్రతివానికిని విస్తరించి, మనుష్యఋణమను నాలుగవదానిని చేర్చినది. యజ్ఞముచే దేవతలకు, సంతానముచే పితరులకు, అధ్యయనముచే ఋషులకు ఋణము తీరును. మనుష్యులకు తీరుట వసతియు అన్నమును పెట్టుటచేతనట. పల్లె విడిచి పట్టణమునకు చదువుకొన వచ్చిన బిడ్డకు ఆ రెండే గదా ముందుగా కావలసినవి! ఋషిఋణమునందలి వింత యేమనగా, అందు ఋణదాత మనకు కానరాడు. విద్య నిచ్చినవాడు తిరిగి పుచ్చుకొన నుండడు, ఉన్నను పుచ్చుకొనడు. ఆ ఋణము వెనుకకు పోజాలక ముందునకే నడచును. మలేషియా ప్రభుత్వము 1997లో స్థాపించిన ఉన్నతవిద్యా నిధినుండి అప్పు తెచ్చుకొన్నవాడు కడపటి వాయిదా కట్టిననాడు ఆ ఖాతా మూయబడును. ఋషిఋణమునకు అట్టి కడపటి వాయిదా లేదు.

ఇచట ఒక ఆక్షేపణ కలదు. ప్రత్యుపకారము చేయజాలనివానికి, ఈయవలెనను బుద్ధితో ఇచ్చునదే సాత్త్వికదానమని గీత పదునేడవ అధ్యాయము చెప్పుచుండగా, తన్ను పెంచిన విద్యాలయమునకు తిరిగి యిచ్చుట వట్టి ప్రత్యుపకారము కాదా? కాదనియే నా యభిప్రాయము. విద్యాలయము మార్గమాత్రము, సొమ్ము చేరునది దాతకు ఎన్నడును ఏ యుపకారమును చేయని, చేయబోని విద్యార్థికి. ఆ ధనము బయలుదేరుట ఋణముగా బయలుదేరును, చేరుట దానముగా చేరును. తన బిడ్డకు సీటు దొరకుననియో, భవనముపై తన పేరు చెక్కింతురనియో ఇచ్చినచో మాత్రము అది రాజసమే.

ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఎట్లుండవలెనో కాళిదాసు రఘువంశము ఐదవ సర్గయందు చూపినాడు. గురుదక్షిణ యిచ్చితీరుదునని పట్టుబట్టిన కౌత్సునితో, విసిగిన వరతంతుమహర్షి పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్లు తెమ్మనెను. కౌత్సుడు ఆశ్రయింపబోయిన రఘువు విశ్వజిద్యాగమున సర్వస్వమును ఇచ్చివేసి, మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చు స్థితిలో నుండెను. రఘువు దండెత్తబూనగా కుబేరుడు కురిపించిన కనకమంతయు నీదేయని రాజు, గురువునకు చెల్లింపవలసినదానికి మించి ఒక్క కాసును వలదని విద్యార్థి! రఘువు వరతంతుని శిష్యుడు కాడు. ఐనను పరుని విద్యాఋణమును తనదిగా తలచినాడు. కౌత్సుడును యాచకుని వలె క్రుంగలేదు.

ఆ రఘువునకు తోబుట్టువనదగినవాడు మలయా రబ్బరుతో ధనికుడైన తాన్ కాహ్ కీ. ఊరిబడికి మించి చదువని ఆ వ్యాపారి 1921లో తన జన్మస్థలమైన, చైనాలోని ఫుజియాన్ రాష్ట్రమున షియామెన్ విశ్వవిద్యాలయమును నెలకొల్పెను. ఆర్థికమాంద్యమున రబ్బరు ధర పడిపోయి, 1934లో తన కంపెనీయే మూతపడినను, 1937లో ప్రభుత్వమునకు అప్పగించువఱకు దానిని విడువక పోషించెను. ఆతడు 1961లో మరణించెను. 2016లో ఆ విశ్వవిద్యాలయమే సముద్రము దాటి వచ్చి, మలేషియాలోని సేపాంగున తన శాఖను తెఱచి విద్యార్థులను చేర్చుకొన్నది. రబ్బరుచెట్లకు గాట్లు పెట్టి పాలు తీసిన కూలీల కష్టము గూడ ఆ తొలి ధనమున కలదని నేను మఱువజాలను.

ఆ కూలీలలో మనవారును కలరు. విశాఖ, గోదావరి మండలములనుండి కూలీలను కూర్చు కంగాణీల వెంట ఓడలెక్కి పోయిన తెలుగువారు పేరా రాష్ట్రమున బగాన్ డాటో కొబ్బరితోటలలోను, ఇతర రబ్బరుతోటలలోను బ్రదుకులు వెళ్ళబుచ్చిరి. 1926లో స్థాపింపబడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పిదప వారు విడిచిపోయిన ఆ తీరముననే నెలకొన్నది. జయపురాధీశుడు విక్రమదేవవర్మ దానికి ఏటేట లక్ష రూపాయలిచ్చి పోషించెను. తోటలలో మిగిలినవారికి ఆ భాగ్యము అందలేదు. ఐనను వారి మనుమలు నేడు వైద్యులై, న్యాయవాదులై యున్నారు. వారు ఎవరికీయవలెను? మలేషియాలో ఒక్కొక్క జాతి తన బిడ్డలకై తాను విద్యాలయములు కట్టుకొన్నది: చైనీయుల రాజకీయ సంఘము పూనికతో 1969లో టుంకు అబ్దుల్ రహమాన్ కళాశాల, భారతీయుల పూనికతో 2001లో కెడా రాష్ట్రమున ఎయిమ్‌స్ట్ విశ్వవిద్యాలయము. అల్పసంఖ్యాకులు తమవారిని ముందు చూచుకొనుట దోషమని నేననను. తోటలో ఎండకు వానకు ఓర్చి బడికి పంపిన తల్లికి పడినది పితృఋణము. అది తెలుగుబిడ్డ చదువునకు, తెలుగు సంఘపు నిధికి చెల్లుట న్యాయమే. కాని మలయా విశ్వవిద్యాలయమున పట్టము పుచ్చుకొన్నవాడు అచ్చటి పూర్వవిద్యార్థిగా పంపు సొమ్ము ఋషిఋణమునకు జమపడవలసినది. 1904లో చందా యిచ్చిన ఆ చైనీయ వర్తకులు, ఒకనాడు ఒక తెలుగుకూలీ మనుమడు వైద్యుడగునని ఎఱిగి యిచ్చినవారు కారు, కనుక ఆ ఖాతాలో ఎదుటి విద్యార్థి మలయ్‌యో, చైనీయుడో, తమిళుడో అడిగి తెలిసికొను అధికారము దాతకు లేదు.