ఎదురుచూపుకు కూలెంత?

మన్ననూరు చెక్‌పోస్టులో రాత్రి తొమ్మిదికి గేటు దించుతారు. మళ్ళీ ఎత్తేది పొద్దున ఆరింటికే. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు ఇక్కడి నుంచి దోమలపెంట దాకా అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రిపూట జంతువుల నడకకు బండ్లు అడ్డం రాకూడదని ఈ నియమం. మంచి నియమమే. నాకు దానితో పేచీ లేదు. కానీ పులి రాత్రికి హద్దు గీయగలిగిన మనం, అదే రోడ్డు మీద సామాను మోసుకుపోయే మనిషి రాత్రికి ఎందుకు గీయలేకపోయాం? ఆ మనిషి ఇంట్లో మేలుకుని ఉండే ఆడమనిషి రాత్రి అసలు ఎవరి లెక్కలోకి వస్తుంది?

పరిశోధన పని మీద ఈ ఊరికి వచ్చినప్పుడల్లా నేనుండే ఇంట్లో నలుగురు. అత్త ఆశా వర్కర్. కొడుకు ఈమధ్యే ఒక పార్సెళ్ళ కాంట్రాక్టరు దగ్గర ట్రాలీ నడపడానికి కుదిరాడు. కోడలు, మూడేళ్ళ పాప. అచ్చంపేటలో లోడు దిగితే అతనికి ఫోనొస్తుంది. లోడు పొద్దున పదికి దిగొచ్చు, సాయంత్రం నాలుగుకి దిగొచ్చు, దిగకనూ పోవచ్చు. ఫోను రాని రోజు కూలి లేదు, అలాగని అది సెలవూ కాదు. చేను పనికి పోలేడు, చుట్టాలింటికి పోలేడు. ఇంట్లో సిగ్నల్ అందే మూల ఒక్కటే ఉంది. మంచం అక్కడికి జరిగింది. డబ్బు పార్సెల్ లెక్కన ఇస్తారు. పొద్దుగూకే వేళ లోడు ఎత్తుకుని ఈగలపెంట, దోమలపెంట పోయి, తొమ్మిదిలోపు అడవి దాటలేకపోతే ఆ రాత్రి బండిలోనే పడుకోవాలి. ఆ రాత్రికి పైసా రాదు. ఆ రాత్రి అతను ఎవరి చేతికీ ఏ పార్సెలూ ఇవ్వలేదు కదా!

అయినా అతను దీన్ని తిట్టుకోడు. "బొంబాయి పోయి మేస్త్రీ కింద రాళ్ళు మోసుడు కన్నా నయమే అక్కా. నెత్తిమీద ఎవడూ నిలవడడు" అన్నాడు. దీన్ని అమాయకత్వం కింద కొట్టిపారేయడం తప్పు. దేశంలో ఏ పెద్ద ఆనకట్ట దగ్గరైనా 'పాలమూరు లేబర్' అన్న మాట వినబడ్డ కాలం ఒకటుంది. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా మనిషి మేస్త్రీ వాడు. అది చూసిన కుటుంబంలో పుట్టినవాడికి, సొంతూళ్ళో ఉండి, ఫోను మోగితేనే లేచి వెళ్ళే పని స్వేచ్ఛలాగే కనిపిస్తుంది. ఆ స్వేచ్ఛ అబద్ధమని నేననను. దాని ఖర్చు ఎవరు కడుతున్నారో చూడమంటున్నానంతే.

సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక ఎదురుచూపు అనగానే నాకు అష్టవిధ నాయికలు గుర్తొస్తారు. నాట్యశాస్త్రం నుంచి తెలుగు లక్షణ గ్రంథాల దాకా మనమంతా బట్టీపట్టినవాళ్ళమే. అన్నీ సర్దుకుని, అలంకరించుకుని సిద్ధంగా ఉండే ఆమె వాసకసజ్జిక. వేళ మీరిపోతుంటే తల్లడిల్లేది విరహోత్కంఠిత. చెప్పినచోటికి వాడు రానేరాకపోతే విప్రలబ్ధ. టాంకు నింపి, ఛార్జింగు పెట్టి, లోడు ఆలస్యమవుతుంటే గుమ్మంలో తిరిగి, చివరికి పిలుపే రాక పడుకునే ఈ డ్రైవరు రోజూ ఈ మూడు అవస్థలూ దాటుతున్నాడు. నవ్వులాటకే అంటున్నాను గానీ, ఇందులో ఒక సంగతి ఉంది. ఎదురుచూడడాన్ని ఇన్ని ముక్కలుగా విడగొట్టి పేర్లు పెట్టిన లాక్షణికులు అందులో శృంగారాన్నే చూశారు, శ్రమను చూడలేదు. అది ఆడదాని స్వభావమనుకున్నారు కాబట్టి చూడాల్సిన అవసరం పడలేదు. భర్త దూరదేశం పోయిన ప్రోషితభర్తృకలు పాలమూరులో తరాల తరబడి ఊరికి సగం మంది ఉండి ఉంటారు. వాళ్ళు దిండు మీద వాలి నిట్టూర్చలేదు. ముసలివాళ్ళను, పశువులను, అప్పును చూసుకున్నారు.

ఇప్పుడు మగవాళ్ళు కూడా కూలి లేకుండా కాచుకుని కూర్చోవలసి వచ్చేసరికి అది అన్యాయంగా అందరికీ కనబడుతోంది. కనబడడం మంచిదే. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఊబర్ డ్రైవర్ల కేసులో, అనుమతి ఉన్న ప్రాంతంలో యాప్ తెరిచి ట్రిప్పు తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న సమయమంతా పనేనని తీర్పు చెప్పింది. మన దగ్గర 2020 నాటి సామాజిక భద్రత కోడ్ గిగ్ వర్కర్ అన్న మాటను మొదటిసారి చట్టంలోకి తెచ్చింది. అది అమల్లోకి వచ్చింది మాత్రం 2025 నవంబర్ 21న. ఈలోగా 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గిగ్ వర్కర్ల కోసం ముసాయిదా బిల్లు ప్రకటించింది. యాప్ లేకుండా, కాంట్రాక్టరు ఫోనుతో నడిచే మన్ననూరు ట్రాలీ వీటిలో ఎక్కడ ఇముడుతుందో వెతుక్కోవాల్సిందే.

ఇంతకంటే పాతదొకటి ఉంది, మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961. ఇప్పుడు కొత్త కోడ్‌లలో కలిసిపోయింది. ఐదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న సంస్థలకే వర్తించేది. అందులో 'పని గంటలు' అన్న మాటకిచ్చిన నిర్వచనం నాకు చాలా కవితల కన్నా ఎక్కువ ఆలోచన పుట్టించింది. యజమాని గానీ, సేవ కోరే హక్కున్న మరొకరు గానీ పిలిస్తే పలకాల్సిన స్థితిలో మనిషి గడిపే కాలాన్ని అది పని గంటలంది. పిలుపు రావచ్చునని ఊరికే కనిపెట్టుకుని ఉండడాన్ని కూడా, టెర్మినల్ దగ్గర పదిహేను నిమిషాల లోపైతే, అందులో చేర్చింది. పదిహేను నిమిషాలు దాటితే ఏమైనట్టు? మనిషి స్వతంత్రుడైపోయాడా? చట్టం ఎదురుచూపును పనిగా గుర్తించింది, దాని పొడవు చూసి భయపడింది.

గంటలు లెక్కపెడితే సరిపోతుందా అన్నది నా అసలు సందేహం. ఈ ఇంట్లో కోడలు నిరుడు దాకా పత్తి ఏరే ముఠాతో పోయేది. అమ్రాబాద్ పీఠభూమి మీద ఆ సీజన్లో ఆడవాళ్ళ చేతికి నాలుగు డబ్బులు దొరికేది అక్కడే. ముఠాకు ముందురోజు రాత్రే మాటివ్వాలి. భర్త ఈ పనికి కుదిరాక ఆమె మాట ఇవ్వలేకపోయింది. అతనికి ఎప్పుడు ఫోనొస్తుందో తెలియదు, అత్తకు ఎప్పుడొస్తుందో తెలియదు, పాపను చూసేవాళ్ళుండాలి. "రేపొస్తనని చెప్పి రెండుసార్లు పోలే అక్కా. మూడోసారి నన్ను పిలుసుడే బందువెట్టిన్రు" అంది.

హన్నా అరెంట్ 1958లో 'ది హ్యూమన్ కండిషన్' రాస్తూ, భవిష్యత్తు ఏమవుతుందో తెలియని మనుషులకు దాన్ని కొంతైనా కట్టడి చేసుకునే శక్తి మాట ఇవ్వడంలో ఉందని వాదించింది. ఆ శక్తి ఎవరికైనా ఒకేలా ఉంటుందన్నట్టే మాట్లాడింది ఆమె. మన్ననూరులో చూస్తే అది ఆస్తిలాంటిది. కొందరి దగ్గర పోగుపడుతుంది, కొందరికి ఉండదు. కొన్నవాళ్ళకు కంపెనీ ఫలానా రోజు చేరుస్తామని మాటిస్తుంది. (ఈ పత్రికా, మనం తెప్పించుకునే పుస్తకాలూ అలాగే వస్తాయి.) ఆ మాట నిలబడడానికి కాంట్రాక్టరు, అతని కింద డ్రైవరు తమ రోజును ఖాళీగా అట్టిపెట్టాలి. డ్రైవరు రోజు ఖాళీగా ఉండాలంటే అతని భార్య రోజు అతని రోజుకు కట్టేసి ఉండాలి. మనకు అందే ప్రతి నిశ్చయం వెనక ఎవరో ఒకామె ముఠాకు తప్పిన మాట ఉంది. దీన్ని డ్రైవరు కష్టంగా మాత్రమే రాస్తే, పైకి నాలుగు మెట్లు చూసి కింది మెట్టును వదిలేసినట్టే.

ఇక అత్త. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో పాటు పుట్టిన ఆశాలకు చట్టం కార్మికులన్న పేరివ్వలేదు, స్వచ్ఛంద సేవకులంది. వచ్చేది జీతం కాదు, పారితోషికం. 2015లో తెలంగాణ ఆశాలు దీని మీద నెలల తరబడి సమ్మె చేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళను సత్కరించింది. పేరు మాత్రం మారలేదు. అత్తకు అర్ధరాత్రి ఫోనొస్తుంది, అది పెంటలో నొప్పులు పడుతున్న చెంచు అమ్మాయి ఇంటి నుంచి. "బిడ్డ గడియారం జూసి పుడ్తదా?" అంటుంది. నిజమే. కొన్ని పిలుపులకు వేళ ఉండదు, ఉండమని అడగడం క్రూరత్వం. కానీ చీరల పార్సెల్ నొప్పులు పడదు. దాని వేళ ఎవరో హైదరాబాద్‌లో కూర్చుని తేల్చగలిగినదే. తేల్చడానికి ఖర్చవుతుంది, తేల్చకపోతే ఆ ఖర్చు మన్ననూరు పడుతుంది. ప్రకృతి తెచ్చే అనిశ్చితి వేరు, మిగులు కోసం తయారుచేసిన అనిశ్చితి వేరు. రెంటినీ ఒకే గాటన కట్టి "సర్దుకోవాలమ్మా" అని చెప్పడం మనకు బాగా అలవాటైపోయింది. ఆ మాటకొస్తే పుట్టుకకు వేళ లేనంత మాత్రాన ఏ రాత్రయినా ఒకే ఆమె లేచి పోవాలనీ లేదు. ఇద్దరు ముగ్గురు వంతులేసుకోవచ్చు. వంతులంటే ఇంకో మనిషి, ఇంకో జీతం. స్వచ్ఛంద సేవ అన్న పేరు ఆ లెక్కను తప్పించడానికే పనికొస్తోంది.

ఈసారి పత్తి సీజన్‌కు కోడలు భర్తతో ఒక సంగతి తేల్చుకుంది. మంగళవారం, శుక్రవారం ఆమె ముఠాకు మాట ఇస్తుంది. ఆ రెండు రోజులూ ఏ ఫోనొచ్చినా అతను పాప దగ్గరే ఉంటాడు. మొదటి శుక్రవారం కాంట్రాక్టరు మూడుసార్లు చేసి, లోడు వేరే బండికి ఇచ్చేశాడు. తర్వాత వారం మిగతా రోజుల్లో కూడా పిలుపులు తగ్గాయి. ఇంట్లో గొడవ అయింది. అత్త ఇద్దరినీ తిట్టి, పాప పలక తీసి ఒకపక్క కోడలు ఏరిన పత్తి కిలోలు, ఒకపక్క కొడుకుకు తప్పిన లోడ్లు రాయమంది. నేను వచ్చేసేనాటికి పలక మీద రెండు వారాల లెక్క ఉంది. మూడో వారం మంగళవారం ఇంకా రాలేదు.